తెల్లచుక్క

ఊరి పేరు చెప్పను. నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ మధ్య ఎక్కడో హైవే దిగి, తారురోడ్డు అయిపోయి, కంకరరోడ్డు కూడా అయిపోయాక వచ్చే చెరువది. అంతవరకే. గూళ్ళున్న చోటు నలుగురికీ చాటకూడదని పక్షుల ఫొటోలు తీసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. నేను కట్టుబాట్లు పాటించే మనిషిని.

లెన్సు గురించైతే ఎంతసేపైనా చెబుతాను. కేనన్ 500 ఎంఎం, ఎఫ్/4. 1999లో వచ్చిన మోడల్. కొత్తది కొనే తాహతు బ్యాంకు పెన్షనర్లకు ఉండదు కాబట్టి, చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి తీసి. తెల్లగా, హుడ్ తగిలిస్తే మూరెడు పైన పొడవు. లెన్సు బరువే 3.87 కిలోలు. వెనకాల కెమెరా బిగిస్తే ఐదు కిలోలకు ఓ పావు తక్కువ. దాని పెట్టె చూసి మా వీధిలో వాళ్ళు నేను హార్మోనియం నేర్చుకుంటున్నాననుకున్నారు.

పెట్టె తెరిచిన రోజు మా ఆవిడ ఒక్క మాటే అంది. "మనవడు పుట్టినప్పుడు మూడు కిలోల పసిగుడ్డును ఎత్తుకోమంటే మెడ పట్టేసిందన్నారు. దీన్ని ఎట్లా ఎత్తుకుంటారండీ?"

ఎట్లా ఎత్తుకోవాలో తెలుసుకోవడానికే ఆరు నెలలు పట్టింది. ట్రైపాడ్ మీద పెడితే కూర్చున్న పక్షికి పనికొస్తుంది. ట్రైపాడ్‌కు గింబల్ అని ఊయల లాంటిది బిగిస్తే ఎగిరేదానిక్కూడా కొంతవరకు పనికొస్తుంది. నెత్తి మీదుగా పోయేదాన్ని పట్టాలంటే మాత్రం చేతుల్లోకి తీసుకోవాల్సిందే. ఎడమ చెయ్యి లెన్సు కింద ఎంత ముందుకు పెడితే అంత నయం. మోచేతులు రెండూ డొక్కలకు ఆన్చాలి. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము పైభాగమంతా ఒక్కటిగా తిప్పాలి గానీ చేతుల్ని తిప్పకూడదు. మొదటి నిమిషం హాయిగానే ఉంటుంది. రెండో నిమిషానికి ఎడమ భుజం మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంటుంది. మూడో నిమిషంలో చేతులు వణకడం మొదలవుతుంది. పక్షి అప్పుడే వస్తుంది.

అంత మోస్తే అందులోంచి కనిపించేది ఎంతో చెప్పనా? చెయ్యి బారుగా చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆకాశంలో ఆ వేలు ఎంత మేర కప్పుతుందో అంత, ఇంకో పిసరు. ఆ కాస్త కంతలోకి కదిలే పక్షిని ఇరికించాలి, ఇరికించి జారిపోకుండా చూడాలి, దాని కంటి మీద ఫోకస్ తప్పకుండా ఉంచాలి. మొదటి నెలలో నేను తీసిన ఫొటోలు నాలుగు వేలైతే, మూడు వేల చిల్లర ఖాళీ ఆకాశం. మిగిలినవి తోకలు.

నా మనసంతా గూడబాతు మీద ఉండేది. దాని బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. అంటే ఇంచుమించు నా లెన్సూ కెమెరా కలిపినంత. ఎండ ముదిరి వేడిగాలి పైకి లేచే వేళకు అది ఆ బరువేసుకుని ఆకాశంలో సుళ్ళు తిరుగుతూ పైపైకి పోతుంది, మధ్యమధ్య రెక్క కూడా ఆడించదు. నేను అదే బరువు మూడు నిమిషాలు ఎత్తలేక చెరువు కట్ట మీద కూలబడి అమృతాంజనం రాసుకునేవాణ్ణి.

ఆ బాధలో నాకు ఊరట ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన బ్రిటన్‌కు చెందిన ఎరిక్ హాస్కింగ్. పక్షుల ఫొటోలకు పేరుమోసిన మనిషి. 1937లో ఒక గుడ్లగూబ గూటి దగ్గర రాత్రిపూట మాటు వేయబోతే అది వచ్చి ముఖం మీద తన్నింది. ఎడమ కన్ను పోయింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఒంటికన్నుతోనే ఫొటోలు తీశాడు. నాకు పట్టింది మెడ ఒక్కటే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. పిల్లల్ని పెట్టుకున్న గుడ్లగూబ వైపు నుంచి ఆ కథ ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

రెండో ఆయన ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రవేత్త, ఎటియెన్ జూల్ మారే. ఎగిరే పక్షి రెక్క ఎట్లా ఆడుతుందో తేల్చుకోవాలని 1882లో ఏకంగా తుపాకీ ఆకారంలోనే కెమెరా చేయించాడు. భుజానికి ఆన్చి, గొట్టం ఎక్కుపెట్టి, ట్రిగ్గర్ నొక్కితే తూటాకు బదులు సెకనుకు 12 బొమ్మలు. నా కెమెరా 2014 మోడల్. సెకనుకు పదే తీస్తుంది.

నేలపట్టు ఉండగా ఈ మూల చెరువుకెందుకు పోయానంటే, అక్కడ జనం. 1976 నుంచి అభయారణ్యం అది, గూడబాతులకు పెట్టింది పేరు. జనవరిలో ఫ్లెమింగో పండగ రోజుల్లోనైతే కాలు పెట్టడానికి సందుండదు. నా పక్కన నిలబడ్డ ప్రతివాడూ "ఇవి సైబీరియా నుంచి వచ్చాయంట సార్" అనేవాడు. మన దగ్గర ఏ చెట్టు మీద ఏ కొంగ వాలినా సైబీరియాదే అయిపోతుంది. గూడబాతు అచ్చంగా మన వైపు పక్షి. వానల్ని బట్టీ చేపల్ని బట్టీ ఈ చెరువు నుంచి ఆ చెరువుకు మారుతుంది. ఈ సంగతి నేను కనపడినవాడికల్లా చెప్పేవాణ్ణి. రిటైరైన మనిషికి, నాకు తెలుసు అని చెప్పుకునే అవకాశాలు రోజుకు రెండైనా దొరక్కపోతే తోచదు.

ఈ చెరువు దగ్గర చెప్పడానికి మనుషులే లేరు. ఆశ్వయుజ, కార్తీకాల వానలకు నిండితే, నీళ్ళలో నడుముదాకా మునిగిన చెట్ల మీద గూళ్ళు పడతాయి. చిటారున గూడబాతులు, ఆ కింద నత్తగుల్ల కొంగలు, సందుల్లో నీటికాకులు. రెట్టలకు చెట్లన్నీ సున్నం కొట్టినట్టుంటాయి. కుళ్ళిన చేపల కంపు కట్ట మీదికి గుప్పుగుప్పున కొడుతుంది. ఆ రెట్ట కలిసిన నీళ్ళు పారితే మడి బాగా పండుతుందని ఊరివాళ్ళు వాటి జోలికి పోరు.

మొదటి రోజు లెన్సు ఎత్తానో లేదో వెనక నుంచి మాట.

"ఏంది సామీ అది, తుపాకా?"

తిరిగి చూస్తే ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. మోకాళ్ళ పైకి పంచె, భుజాన తువ్వాలు. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారం చెవికి చుట్టుకున్నాడు.

"కాదు పెద్దాయనా, కెమెరా."

"అట్టనా. నేను మోసిందానికంటే లావుండాదే."

ఆయన మోసింది ఒంటిగొట్టం నాటుతుపాకి. మీసం రాకముందు నుంచే తండ్రి వెంట చెరువుల మీద తిరిగి పరజల్నీ బొల్లికోళ్ళనీ కొట్టి సంతలో అమ్మేవాడట. 1972లో చట్టం వచ్చింది. ఇంకో నాలుగేళ్ళకు పక్కనే నేలపట్టుకు గార్డులు వచ్చారు. ఆ పైన ఒకనాడు ఎవరో వచ్చి తుపాకి పట్టుకుపోయారు. "గొట్టం తీసకపోయినారు. గురి తీసకపోలేకపోయినారు" అని నవ్వాడు. ముందు పళ్ళు రెండే ఉన్నాయి.

రెండు రోజులు నా అవస్థ చూసి ఊరుకున్నాడు. మూడో రోజు ఉండబట్టలేకపోయాడు.

"లేచినాక ఎంటబడితే ఏం దొరుకుతది సామీ? లేవబోయేది తెలియాల."

"ఎట్లా తెలుస్తుంది?"

"రెట్ట వేస్తది. బరువు దించుకుంటది. మనమైనా బస్సెక్కబోయే ముందు చెట్టు చాటుకి పోమా? అంతే. వేసినాక ఓ గుక్క నీళ్ళు తాగినంతసేపు. గాలి యాడనుంచి వస్తే ఆ పక్కకి మొగం పెడతది. నువ్వు గాలికి ఈపు పెట్టి నిలబడు, నీ మీదికే వస్తది."

ఆయన మాట ముగిసీ ముగియకముందే ఎదుటి కొమ్మ మీది గూడబాతు ఒకటి తెల్లగా, సన్నగా ఒక ధార విడిచింది. మెడ వెనక్కి లాక్కుంది. కొమ్మ ఒక్కసారి వంగి లేచింది, పక్షి గాల్లో ఉంది. రెక్కల చివర ఈకలు చేతివేళ్ళలా ఎడమెడంగా విచ్చుకున్నాయి. నేను కెమెరా ఎత్తడం మరిచిపోయాను.

గాలీ సూర్యుడూ రెండూ నీ వీపు వెనక ఉండాలని నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఉంది. చదివినప్పుడు అర్థమైంది, కట్ట మీద నిలబడితే గుర్తు రాలేదు. ఈయన చెబుతుంటే కాళ్ళు వాటంతట అవే తిరిగాయి. ఆ వారం ఆయన దగ్గర ఇంకో రెండు నేర్చుకున్నాను. "ఒక కన్ను మూయబాక. రెండోది తెరిచి పెట్టు, పక్కనుంచి వచ్చేదాన్ని అది చెప్తది." ఇదొకటి. "కొట్టినాక చెయ్యి ఆపబాక. దెబ్బ పోయినా నీ చెయ్యి పిట్టెనకాలే పోతుండాల. ఆపినావా, దెబ్బ ఎనకబడతది." ఇది రెండోది. తూటాకు నిజమైంది ఫొటోకూ నిజమే. ఆ రోజు నుంచి నాకు తోకలు తగ్గి తలలు పడటం మొదలైంది.

ఊరికే నేర్చుకోవడం ఇష్టం లేక నేనూ ఆయనకొకటి నేర్పబోయాను. లెన్సు పక్కనున్న మీట చూపించాను. పది మీటర్లకు ఇవతల ఏమున్నా పట్టించుకోవద్దని దాంతో చెప్పొచ్చు. లేకపోతే లెన్సు ఫోకస్ దొరక్క ముందుకూ వెనక్కూ గిరగిరా తిరుగుతుంది, అట్లా తిరగడాన్ని ఇంగ్లీషువాళ్ళు వేటాడటం అంటారు అన్నాను.

"దొరక్కపోతే వేటంటారా!" అని పగలబడి నవ్వాడు.

మారే సంగతి కూడా చెప్పాను. నూట నలభై ఏళ్ళ కిందట ఒక డాక్టరు తుపాకీ లాంటి కెమెరాతో సెకనుకు పన్నెండు సార్లు పిట్టను కొట్టేవాడు, పిట్టకు ఈక కూడా రాలేది కాదు అన్నాను. ఆయన శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి అడిగాడు.

"మరి ఆయనింట్లో కూర దేంతో వండుకున్నారు సామీ?"

ఒకరోజు నా ఫ్లాస్కులో టీ ఇద్దరం పంచుకుంటున్నాం. ఎందుకో అడగాలనిపించింది.

"ఎన్ని చంపుంటావు పెద్దాయనా, అంతా కలిపి?"

"లెక్కెవురు పెట్టినారు. తిన్నెన్ని తిన్నాము, అమ్మినెన్ని అమ్మినాము. నలుగురు బిడ్డల్ని సాకినాము."

"పాపం అనిపించలేదా?"

ఆయన చెరువు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనం నాకు మంచి అవకాశంగా తోచింది. "నీ గురికి దొరికిన పిట్ట ఆ పూటతో పోయింది. నా గురికి దొరికింది ఎప్పటికీ ఉంటుంది" అన్నాను. ఎప్పుడో రాసి పెట్టుకున్నట్టు వచ్చింది మాట.

ఆయన గ్లాసు చెరువు నీళ్ళతో తొలిచి, బోర్లించి, నా చేతికిచ్చాడు. "మంచిదే గదా సామీ" అన్నాడు.

ఆయన వెంట ఒక మనవడు వచ్చేవాడు. పదీ పదకొండేళ్ళుంటాయి. కట్ట కింద మడి పాలు పోసుకునే దశలో ఉంది, బడి వేళయ్యేదాకా పిట్టలు తోలడం వాడి పని. మెడలో తాడుకు ఖాళీ నూనె డబ్బా, చేతిలో చింతపుల్ల. మడికి అటు కొసకు పోయి, చెరువు వైపు వీపు పెట్టి కొట్టేవాడు. చప్పుడు చెరువు మీదికి పోతే తాత ఊరుకోడట. ఖాళీ దొరికితే నా ట్రైపాడ్ మోసేవాడు. కెమెరా వెనక చిన్న తెరలో బొమ్మలు చూపిస్తే నోరు తెరిచేవాడు.

ఆ సంక్రాంతికి నెల్లూరులో ఫొటోల పోటీ ఒకటి ఉంది. నాకు ఒక్క ఫొటో కావాలి. గూడబాతు ఎదురుగా రావాలి, రెక్కలు పూర్తిగా విప్పాలి, తెల్లవారు ఎండ దాని పొట్ట కింద పడాలి. అడిగింది ఇంతే. కానీ పక్షికి దాని లెక్కలు దానికున్నాయి. గుడ్ల మీద ఒకటి కూర్చుంటే రెండోది మేతకు పోతుంది. కూర్చున్నది మళ్ళీ రెండోది వచ్చి వంతు తీసుకునేదాకా కదలదు. మేతకు పోయేవి చీకటుండగానే పోతాయి, లేదా పది గంటలకు వేడిగాలి దొరికాక పోతాయి. నాకు కావలసిన వెలుతురు ఉండేది సూర్యుడు వచ్చిన తర్వాత ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా చెట్టు మీద అందరూ పెళ్ళిలో ముందు వరస పెద్దల్లా కదలకుండా కూర్చునేవాళ్ళు.

నెల్లూరు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి రావడం, ఐదు కిలోలు మెడకేసుకుని నిలబడటం, తొమ్మిదింటికి వెనక్కి పోవడం. ఇట్లా పన్నెండు పొద్దులు. భుజం మీద పట్టీ ఒరుసుకుని తోలు లేచింది. ఎడమ చేతి రెండు వేళ్ళు తిమ్మిరెక్కి మధ్యాహ్నం దాకా దిగేవి కావు. అన్నం కలుపుతూ నేను ఆ వేళ్ళు విదిలించుకోవడం చూసి మా ఆవిడ ఏమీ అనడం మానేసింది. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం. ఫొటోలు పంపడానికి ఇంకా రెండు రోజులే గడువు.

పదమూడో పొద్దున పెద్దాయన రాలేదు. మోకాళ్ళకు సూది వేయించుకోవడానికి నాయుడుపేట పోయాడని పిల్లాడు చెప్పాడు. మబ్బు తునక లేదు. ఏడింటికల్లా ఎండ నీళ్ళ మీద అడ్డంగా పాకి చెట్ల మొదళ్ళకు తగిలింది. అటువంటి వెలుతురు నాకు ఆ పన్నెండు రోజుల్లో ఒక్కనాడూ దొరకలేదు. పిల్లాడితో కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడాను. అన్ని రోజులు ట్రైపాడ్ మోసినందుకు వంద రూపాయలిచ్చాను. వాడు నోటు మడిచి జేబులో పెట్టుకుని గట్టు వెంట అటు పోయాడు. నేను లెన్సు విప్పి చేతుల్లోకి తీసుకున్నాను. మీట పది మీటర్ల మీద ఉంది. షటర్ 1/2000. మోచేతులు డొక్కలకు ఆన్చాను.

లేచాయి. ఒకటి కాదు, రెండు కాదు, చెట్లకు చెట్లే లేచినట్టు లేచాయి. అన్ని రెక్కలు ఒక్కసారి గాలిని కొడితే, వానకు ముందు తాటితోపులో వచ్చే హోరు. ఏదీ రెట్ట వేయలేదు. ఏదీ గాలి వైపు తిరగలేదు. పెద్దాయన పాఠం ఈ పూటకు పనిచేయలేదు అనుకున్నాను. ఎటు తిప్పినా పక్షే కావడంతో మొదట్లో ఏదీ దొరకలేదు. ఒకదాని రెక్క ఇంకోదానికి అడ్డం. అవి చెరువు మీద గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఒక నిమిషం. రెండు. నా చేతులు వణుకుతున్నాయి. అప్పుడు ఒక గూడబాతు గుంపులోంచి విడిపడి, చెట్ల ముందునుంచి కిందికి దిగి, నా కంటికి సూటిగా వచ్చింది. రెండో కన్ను తెరిచే ఉంది. నొక్కాను. నొక్కినాక చెయ్యి ఆపలేదు. కెమెరా పొట్ట నిండి ఆగిపోయేదాకా మూడు సెకన్లు, 31 ఫొటోలు.

ఇంకో ఐదు నిమిషాలకు ఒక్కొక్కటే మళ్ళీ వాలాయి. చెరువు ఎప్పటిలాగే ఉంది.

ఇంటికొచ్చి చూసుకుంటే ముప్ఫై ఒకటిలో పదిహేడోదీ పద్దెనిమిదోదీ, ఆ రెండే. రెక్కలు బారుగా చాచి, కింది సంచి ఎండకు గులాబీ రంగు తేలి, పై ముక్కు అంచున చుక్కలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. వెనకాల చెట్లన్నీ మసకలో కరిగి ఆకుపచ్చా నలుపూ మరకలుగా మిగిలాయి. పెద్ద లెన్సు మోసేవాళ్ళందరూ మోసేది సగం ఈ మసక కోసమే. చిన్న లెన్సుకు ఇంత మెత్తటి మసక రాదు. రెండు ఫొటోలకూ తేడా ఒక్కటే. పద్దెనిమిదోదానిలో ఎడమ చేతి కింది మూల, ఆ మసకలో, ఒక చిన్న తెల్లచుక్క పడింది. పదిహేడోదానిలో అది రెక్క చాటున ఉండిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. చుక్క లేనిది కాస్త బోసిగా అనిపించింది. పద్దెనిమిదోది ఉంచి మిగిలినవన్నీ తుడిచేశాను. దానికి ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టాను.

మొదటి బహుమతి వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన జడ్జి వేదిక మీద ఆ ఫొటో ముందు నిలబడి, పక్షి గురించి రెండు ముక్కలు చెప్పి, వేలు ఆ మూలకు చూపించాడు. "ఈ తెల్లచుక్క చూడండి. కన్ను పక్షి మీదుగా తిరిగి తిరిగి వచ్చి ఇక్కడ ఆగుతుంది. ఇది లేకపోతే ఈ ఫొటో నిలబడదు." చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కూడా కొట్టింది. మెడ సంగతి ఆ రోజు ఎత్తలేదు.

ఫిబ్రవరిలో పెద్దాయన కోసం ఒక కాపీ పెద్దగా ప్రింటు వేయించి, అద్దం కట్టించి తీసుకుపోయాను. గురువుకు ఆ మాత్రం చెయ్యాలి కదా. అరుగు మీద గోడకు ఆనించి కాగితం చించేసరికి వీధి వీధంతా చేరింది. "అబ్బ, మీదికే వస్తుండాదే!" అన్నారు. ఒకామె చంకలో బిడ్డ చెయ్యి పట్టి పక్షి ముక్కు తాకించింది. పెద్దాయన కళ్ళద్దాలు తువ్వాలుతో తుడుచుకుని, దారం చెవికి చుట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ కింద కూర్చున్నాడు. పక్షిని ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు పక్షి మీద లేవు.

"ఈ చుక్కేంది సామీ?"

"వెలుతురు పెద్దాయనా. ఆకుల సందులోంచి పడింది." జడ్జి చెప్పిన మాట కూడా చెప్పాను.

ఆయన అద్దాన్ని ఎండ వైపు కాస్త తిప్పాడు. చుక్కను ఆనుకుని ఉన్న నల్లటి మరక మీద గోటితో నెమ్మదిగా గీశాడు. "ఇది తల. ఇదో, తోక. బొంతకాకి సామీ ఇది. నోట్లో ఉండేది నత్తకొంగ గుడ్డు."

వంగి చూశాను. నెల రోజులుగా నేను చూస్తున్న మరకే. కాకి అయి కూర్చుంది.

"తల్లి గూట్లో ఉంటే కాకి రాదు" అన్నాడు. మళ్ళీ ఫొటో వంక చూశాడు. "ఎండ చూస్తే ఏడు గంటలప్పటిది మాదిరుండాది. ఆ పొద్దులో గుడ్ల మీదుండే పిట్ట లేవదే. ఎట్ట లేచినాయి సామీ?"

"గాలి... గాలి ఏమైనా మారిందేమో."

ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. అద్దం మీద తన గోటి గీత పడిన చోట తువ్వాలుతో తుడిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు వినిపించనంత మెల్లగా అన్నాడు.

"గూళ్ళు కట్టింది మొదలు పిల్లలు ఎగిరిపోయిందాకా మా నాయన ఈ కట్ట మీదికి తుపాకి తేనిచ్చేవోడు కాదు. పరజలు ఎన్నన్నా వాలనీ, ఇంట్లో గంజి లేకపోనీ. చప్పుడుకి తల్లులు లేస్తాయనేవోడు."

అప్పుడే బడి నుంచి వచ్చిన మనవడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, పుస్తకాల సంచి అరుగు మీద పడేశాడు. నన్ను చూసి వాడి ముఖం వెలిగింది.

"సార్, మళ్ళా లేపాలా? డబ్బా తెచ్చేదా?"